సమాధానం లేదు

మూడేళ్ళు వాడిన హెడ్‌ఫోన్‌కి ఎడమ చెవి పోయింది.
తోలు రాలి రాలి
అద్దంలో చూసుకుంటే చెవుల చుట్టూ నల్లటి పొట్టు.

నిమిషానికి పదకొండు రూపాయలు నా కూలి.
ప్రమాదాల కేసుల్లో సాక్షులు చెప్పింది
విని, టైపు చేసి, నాంపల్లిలో వకీలుకి పంపాలి.
దగ్గితే రాయక్కర్లేదు.
ఏడిస్తే బ్రాకెట్లో రాయాలి.
ఏమీ వినపడకపోతే 'సమాధానం లేదు' అని రాయాలి.
ఆ రెండు మాటలకీ కీబోర్డులో ఒకే మీట పెట్టుకున్నాను,
ఎఫ్ తొమ్మిది.

కోఠీ, గుజరాతీ గల్లీ.
స్పీకర్లన్నీ ఒకేసారి అరిచే చోట హెడ్‌ఫోన్ ఎంచుకోవడమంటే
చేపల బజార్లో అత్తరు వాసన చూడ్డమే.
మొదటి కొట్టు కుర్రాడు తగిలించగానే గుండె అదిరింది.
"బాసు చూడండి మేడం, బాసు!"
చూశాను.
బాసు కింద మనిషి గొంతు
లారీ కిందికి పోయిన సైకిల్లా ఉంది.

మెట్ల కింద షుజాత్ సాబ్ కొట్టు.
వేలాడే వైర్లు, సోల్డరింగ్ పొగ,
చల్లారిపోయి మీగడ కట్టిన చాయ్.
"ఏం పాటలు ఇంటవమ్మా?"
పాటలు కాదు సాబ్, మాటలు.
ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"ఇది రెండొందల యాభై ఓంలది. బరువైన తలుపు.
నీ కంప్యూటర్ తోస్తే కదలదు, ఆంప్ కావాలె.
ఇది ముప్పై రెండు. ఫోను తోసినా తెరుచుకుంటది.
అది సరే గానీ,
ఏం పెట్టకపోయినా చెవుల ఏమినపడ్తది నీకు?"

ఊఁ... అని ఒక మోత, అన్నాను.
మొదట్లో పక్కింటి మోటారు అనుకున్నాను.
తర్వాత అనుకోవడం మానేశాను.

"అది నీ డబ్బా కడుపుల మోత.
ఎర్తింగ్ సక్కగ లేదు. దాని మీద ఆంప్ పెడితే
బురద బోరుకి పెద్ద మోటరు బిగించినట్టే.
నీళ్ళు రావు. బురద జోరుగొస్తది."

ఆంప్ అమ్మలేదు ఆయన.
అమ్మితే కొనేదాన్నే.
అగ్గిపెట్టెంత సౌండ్ కార్డు, బయట తగిలించుకునేది,
ముప్పై రెండు ఓంల హెడ్‌ఫోన్,
ఎర్తింగ్ చూడ్డానికి ఒక ఎలక్ట్రీషియన్ నంబరు.
బేరమాడి, ఆటో డబ్బులు కూడా అందులో కలిపేసి
సుల్తాన్ బజార్‌లో మెట్రో ఎక్కాను.

ముషీరాబాద్. రాత్రి పదకొండు.
పై వాటాలో గ్రైండరు ఆగాక తగిలించాను.
ఏమీ లేదు.
పాడైంది ఇచ్చాడనుకున్నాను.
అంత ఖాళీ చెవుల్లో ఎప్పుడూ ఉండలేదు,
సామాను తీసేసిన గదిలా.

తెలిసిన గొంతుతో పరీక్షిద్దామని
పాత ఫైలు ఒకటి తెరిచాను.
జీడిమెట్ల, గోదాం మంటలు, రెండో సాక్షి,
కొమురవ్వ, ఊడ్చే మనిషి.
"ఆ రోజు వెనక గేటుకి తాళం వేసి ఉందా?"
దీని కింద నేనేం రాశానో నాకు గుర్తే.

ఫ్యాను రెక్క ఒకటి వంకర.
ఎవరిదో కుర్చీ జరిగింది.
గాజులు.
కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టుంది,
గుడ్డ లోపలినుంచి, పెదవులు విప్పకుండా,
"ఊఁ."

మోతదీ అదే శ్రుతి.
ఆమె ఊఁని కంప్యూటర్ ఊఁ మింగేసింది.
నేను ఎఫ్ తొమ్మిది నొక్కాను.

పదకొండు సార్లు విన్నాను.
అవుననా?
వింటున్నాను, అడుగు అనా?
ఏడుపు రాకుండా పట్టిన బిరడానా?
ముప్పై రెండు ఓంలు అంతవరకే తెరుస్తాయి.

ఫోల్డరంతా వెతికించాను.
సమాధానం లేదు — రెండొందల పద్నాలుగు చోట్ల.
మొదటి దాని దగ్గర ఆగి
మంచినీళ్ళు తాగొచ్చి కూర్చున్నాను.

పొద్దున వకీలుకి ఫోన్ చేశాను.
గేటు, తాళం, గాజులు, అన్నీ చెప్పాను.
కేసు మూసి రెండేళ్ళయింది, నాకూ తెలుసు.
అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు,
ఎవరో చాయ్ గ్లాసు పెట్టి వెళ్ళారు.

"ఊఁ" అన్నాడు.