ఎవరి బావికి?

ఏనుమాముల మార్కెట్ రోడ్డు మీద
మోటరు వైండింగు షాపు పైన రేకుల గది మాది.
కింద వార్నిష్ కాలే వాసన,
పైన నేను, ఓదెలు రాసిపోయిన సీ ఫైళ్లు.

స్టార్టరు డబ్బాల కూసునే చిప్పుకు
ఎనిమిది కిలోబైట్ల కడుపు.
అన్నీ పట్టవు.
రెండు ఫేజులతోని ఎల్లదీసే ఊరికి ఒక తీరు,
మూడూ నిండుగ వచ్చే ఊరికి ఇంకో తీరు,
సిమ్ము ఉన్నది, లేనిది,
ఫోనుల తెలుగు మాట్లాడేది, ఉర్దూ మాట్లాడేది.
ఏది ఉండాలె, ఏది పోవాలె,
కంపైలరు చేతుల పడకముందే తేలిపోవాలె.
మా అమ్మ కొత్తవాడల దరీలు నేసిన మనిషి,
చెప్తే అన్నది:
"పడుగు మగ్గమెక్కినంక రంగు మారుస్తనంటే ఎట్ల కుదురుతది?"
కాలేజీల మా సారు ఇంత మంచిగ చెప్పలేదు.

ఓదెలు మాత్రం
గిరాకీకొక ఇఫ్‌డెఫ్ తగిలిచ్చిండు.
ఇఫ్‌డెఫ్ లోపల ఇఫ్‌డెఫ్,
దాని సంకల ఎల్స్,
రెండు పేజీల కింద ఎక్కడో ఒక ఎండిఫ్,
ఎవరి తలుపు మూస్తున్నదో దానికే తెల్వదు.
"రాత్రి_కరెంటు" అని ఒక మాక్రో.
ఆ జమానా పోయి ఎన్నేండ్లాయె.
లోపలి వేరియబుల్ పేరు మారిందని
దానికి కబురే లేదు.
ఆరిపోయిన కొమ్మ దిక్కు కంపైలరు తొంగి చూడదు,
సెమికోలన్ లేకున్నా ఊకుంటది,
బూతు రాసినా ఊకుంటది.

ఇంకొకటి దొరికింది: "మొండయ్య_బావి".
అది డిఫైన్ చేస్తే ఆగే కాలం నలభై సెకన్లు,
లేకుంటే అందరి లెక్కనే ఐదు.
పక్కన కామెంటు లేదు.
మనిషి పేరుతోని మాక్రో ఏందని
నవ్వుకున్న, తీసేసిన.
అన్నీ కలిసి నూటడెబ్బై లైన్లు చిక్కింది ఫైలు.
ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు, నాకు నేనే దావతు.

వానకాలం మొదట్ల పిడుగు పడి
రేగొండ దిక్కు ఒక డబ్బా కాలింది. కొత్తది పంపినం.
మూడోనాడు ఫోను.
"డబ్బా మంచిగనే ఉన్నది బిడ్డా, ఆగుతలేదు."
మోటరు ఆగుతలేదా?
"మోటరు కాదు. నా కోసం ఆగుతలేదు."

బావిల సగం లోతున గద్దె, గద్దె మీద మోటరు.
పైపు ఎండితే ఆయన దిగి బిందెతోని నీళ్లు పోయాలె.
ఈలోపు కరెంటొస్తే డబ్బా మీద ఎర్ర బుగ్గ వెలుగుతది,
బుగ్గ చూసి చెయ్యి తీసి
పట్టు తప్పిన మోకాలును చేత్తోని ఎత్తిపెట్టుకుంట
మెట్టు మెట్టు గడ్డకెక్కుతడు.
ఓదెలు ఒకనాడు ఒడ్డున నిలబడి
సెల్లుల లెక్కపెట్టిండట.
"ముప్పై ఆరు అచ్చినయి.
ఇంకో నాలుగు నీ ఊపిరికి, అన్నడు."

ఏం కాలేదు కదా పెద్దాయనా?
"తువ్వాల పోయింది. కప్లింగు నమిలేసింది.
తువ్వాల పైసలు నువ్విస్తవా?"

ఓదెలు ఇప్పుడు కాజీపేటల టిఫిన్ సెంటరు నడుపుతున్నడు.
కామెంటు ఎందుకు రాయలేదని కోపానికొచ్చిన.
పెనం మీద నూనె చప్పుడు కొంచెంసేపు.
"పేరు రాసిన కదా" అన్నడు.

ఆ రాత్రి కింద షట్టరు దించినంక కూడ కూసున్న.
మొండయ్య పేరు తిరిగి పెట్టలేదు,
పెడితే రేపు నా అసొంటిదే ఇంకొకతె నవ్వి తీసేస్తది.
ఆగే సెకన్లని ఒక అంకె చేసిన,
అంకెలన్నిటినీ ఒకే హెడరుల కూసోబెట్టిన,
దాని పక్కన రాసిన:
మనిషి మెట్లెక్కే కాలం, తగ్గించకు.
కుదిరిన కాడల్ల ఇఫ్‌డెఫ్ తీసి మామూలు ఇఫ్ పెట్టిన,
నడవని తొవ్వను గూడ కంపైలరు ఒకసారి చదవాలె,
చదివినంక పారేస్తే పారేయనీ.
పేరుల ఒక్క అక్షరం తప్పితే
ఇఫ్‌డెఫ్ నోరు మెదపదు, లేదనుకోని పోతది.
ఆ మౌనమంటేనే నాకు భయం.
అందుకే ఐదని ముందుగాల అనుకునుడు బందు.
అంకె ఇయ్యకుంటే ఎర్రరని ఆగి
నేను రాసిన మాటనే నన్నడుగుతది:
"ఎవరి బావికి?"

తెల్లారి మొదటి బిల్డే ఆగింది.
గిరాకీల పుస్తకం తీసి
ఫోన్లు మొదలుపెట్టిన.