బతికే ఉన్నట్టు

ఏటా జూలైలో జర్మనీ నుంచి ఒక కవరు వస్తుంది.
నేను బతికే ఉన్నానా అని అడుగుతుంది.
మర్యాదగానే అడుగుతుంది, గళ్ళు గీసి, చుక్కల గీత పెట్టి.
ఉన్నానంటే నెలనెలా పెన్షను.
జవాబివ్వకపోతే లేనట్టే లెక్క.

ఈసారి రెండు కవర్లు.
ఒకటి ఓక్‌బున్ పేరు మీద. రెండోది హార్ట్‌మూట్ పేరు మీద.

కొండ దిగి, బస్సెక్కి, మండలాఫీసుకి వెళ్ళాను.
కౌంటరు వెనక కుర్రాడికి జర్మన్ రాదు.
"ఇక్కడేం రాయాలి బామ్మా?"
"నీ ఎదురుగా నిలబడ్డానని రాయి నాయనా."
తలెత్తి చూశాడు. ఎందుకైనా మంచిదని మళ్ళీ చూశాడు.
ముద్ర కొట్టాడు.

ఇంత సులువని తెలిస్తే
ఎస్సెన్‌లో మొదటి చలికాలమే కొట్టించుకునేదాన్ని.
ఇరవై రెండేళ్ళు. తెల్ల టోపీ. వచ్చిన మాటలు పదకొండు.
నర్సు పనని సంతకం పెట్టి వస్తే
మొదటి నెలంతా శవాలకి స్నానాలు.
బొగ్గుగనుల్లో చేసి చేసి పోయిన ముసలివాళ్ళు,
ఎంత తుడిచినా రెప్పల అంచున నలుపు వదలదు,
ఎవరో కాటుక దిద్ది పంపినట్టు.
చన్నీళ్ళు తెచ్చానని పెద్ద నర్సు గెర్‌ట్రూడ్ కసిరింది:
"గోరువెచ్చగా ఉండాలి. వాళ్ళకి తెలీదని నీకెవరు చెప్పారు?"
ఆ భాషలో నాకు పూర్తిగా అర్థమైన మొదటి మాట అది.

తర్వాత ముప్పై ఆరేళ్ళు.
చెప్పడానికేముంది, పని.
బాల్కనీలో దాచిన కిమ్చీ జాడీ వాసన మీద
ఇంటి ఓనరమ్మ రాసిన మూడు ఉత్తరాలు.
మూడోది చదివిపెట్టమంటే
పక్కవాటా ట్రాము డ్రైవరు చదవలేదు, పగలబడి నవ్వాడు.
ఆనక జాడీ ఎత్తి తన బాల్కనీలో పెట్టుకున్నాడు.
ఓనరమ్మ అతనికి రాయలేదు.

రిటైరయ్యాక ఈ కొండమీదికొచ్చాం.
మాలాంటి వాళ్ళకని చవగ్గా ఇచ్చిన స్థలం, ఒకటే షరతు:
జర్మనీ ఇళ్ళలాగే ఉండాలి, తెల్లగోడలు, ఎర్రపెంకులు.
నా వాసన దాచుకుని బతికిన దేశాన్ని తెచ్చి
నా దేశంలో ఇల్లుగా కట్టుకున్నాను.
కింద, చిన్నప్పుడు ఆల్చిప్పలు ఏరిన రేవు.
శని, ఆదివారాలు బస్సులు. మా కిటికీకి ఫొటోలు.
బంగాళాదుంపల మడిలోంచి హార్ట్‌మూట్ చెయ్యూపేవాడు.
కొరియన్‌లో అతనికొచ్చిన మాటలూ ఓ పదకొండు.

నేను తిట్టుకునేది ఇక్కడి మాటలో. మాత్రలు లెక్కపెట్టేది అక్కడి మాటలో.
కలలో ఒకసారి మా అమ్మ జర్మన్ మాట్లాడింది,
ఒక్క తప్పు లేకుండా.
లేచి కూర్చుని ఏడ్చాను.

మార్చిలో పోయాడు.
ఆస్పత్రిలో "మేం చూసుకుంటాం" అన్నారు. వద్దన్నాను.
నీళ్ళు కాచమన్నాను. వేడి మోచేత్తో చూసుకున్నాను.

"రెండోది ఎవరిది బామ్మా?"
గళ్ళన్నీ వెతికాను. ఆ కాగితం మీద
ఉన్నాడని చెప్పడానికే చోటుంది.
"ఆయన రాలేదు" అన్నాను.
కుర్రాడు బాల్ పాయింట్ మూత పెట్టాడు.

తిరుగు బస్సులో పక్కసీటు పిల్ల, చేతిలో ఐస్‌క్రీము,
కొండకేసి చూపించి అడిగింది:
"ఆ బొమ్మరిళ్ళలో నిజంగా ఎవరైనా ఉంటారా?"
సంచి తెరిచాను. ముద్ర ఇంకా ఆరలేదు, వేలికంటింది.
"ఉంటారు" అన్నాను, "చూడు, రాసిచ్చారు."
ఈ లోపల నా స్టాపు దాటిపోయింది.
ముల్లంగి కొనడం కూడా మర్చిపోయాను.