ఉప్పు బూడిద

ద్రాక్షకోత యంత్రం దాటిపోయాక
వరుసకి ఐదో ఆరో గుంజలు విరిగి పడుంటాయి.
వైరావు లోయలో ఇది ఏటా ఉండేదే.
పైన్ కట్టె. లేత ఆకుపచ్చ.
పచ్చగా ఉంది కదా, చిగురిస్తుందనుకునేరు.
అది రాగి రంగు.
రాగి, క్రోమియం, పాషాణం
ముగ్గురూ లోపల కాపలా కూర్చున్నారు
పురుగు రాకుండా, బూజు రాకుండా,
కట్టెకి చావే రాకుండా.

షెడ్డు వెనక కుప్ప పదకొండేళ్ళది.
చెత్తదిబ్బ వాళ్ళు టన్నుకింతని అడుగుతారు.
మా డెస్మండ్ "వచ్చే ఏడు చూద్దాం" అంటాడు.
ఆ వచ్చే ఏడు మీద కూడా
గుంజలే పేర్చాం.

జూలైలో, నేల గడ్డకట్టిన రాత్రి
తీగలు కత్తిరించడానికి తన్నా దీవి నుంచి వచ్చిన కుర్రాళ్ళు
ఆ కుప్పలోంచి నాలుగు లాగి చలి కాచుకున్నారు.
వాళ్ళకెవరూ చెప్పలేదు.
చెప్పాల్సిందాన్ని నేను.
మంట అంచున నీలంగా ఏదో ఆడుతుంటే
"బాగుంది" అన్నాడట కవాస్.

ఆ బూడిద ఉప్పగా ఉంటుంది.
నాకెలా తెలుసంటే
పక్క పొలం దూడ చెప్పింది.
కంచెలో గుంజ ఒకటి విరిగిన చోట దూరి
(అది మార్చడం కూడా నా పనే)
నాలుక చాచి, చాచి,
రాయి కనపడేదాకా నాకింది.

సాయంత్రానికి ముందుకాళ్ళు మడిచింది.
తెల్లారేసరికి తల్లి ఒక్కతే అరుస్తోంది.
పశువుల డాక్టరు అనాహెరా నన్నేమీ అనలేదు.
"ఏటి వైపు పాతకండి" అంది అంతే,
చేతి తొడుగులు విప్పి, వాటినీ సంచిలో వేసి మూతి కట్టింది.

కట్టె కాలేదాకా అంటాం, అన్నీ అక్కడితో తీరినట్టు.
ఈ కట్టెకి అసలు కథ కాలాకే మొదలు.

ముక్కుకి గుడ్డ కట్టుకుని బూడిద ఎత్తాను,
కింద జానెడు మట్టితో సహా.
తూకం వేస్తే ఇరవై ఆరు కిలోలు.
డబ్బు నాదే కట్టాను. డెస్మండ్‌ని అడగలేదు.
తిరిగొచ్చి, కుప్ప అడుగు నుంచి
మొదటి ఏటి గుంజ ఒకటి లాగి చూశాను.
ఒక్క పుట్టగొడుగైనా లేదు.
మట్టి నోట్లో పెట్టుకుని
మళ్ళీ తీసి పక్కన పెట్టినట్టుంది.
వాన మాత్రం కురుస్తూనే ఉంది దాని మీద,
కారుతూనే ఉంది, పల్లం ఎటుంటే అటు.

రాత్రి ఇంటి నుంచి మనుకా కట్టెలు తెచ్చి పడేశాను.
కవాస్ ఒక్కో ముక్కా వాసన చూసి
మంటలో పెట్టబోతూ
ఆగి
నా వంక చూస్తున్నాడు.
నేను తలూపేదాకా పెట్టడం లేదు.