చిల్లర

కళ్లు మూసుకోమంటుంది కోమలం.
అరచేతిలో ఏదో పెడుతుంది.
"ఏది?"
బరువు మోచేతికి తెలుస్తుంది, వేళ్లకు తెలియదు.
"రెండు రూపాయలు," అంటాను.
గుండీ.
నా యూనిఫాం చొక్కాదే, ఎప్పుడో ఊడిన గుండీ.

పంతొమ్మిదేళ్లు తోలుసంచిలో చెయ్యి పెట్టి
చూడకుండా తీసినవాణ్ణి.
రూపాయి అంచు, రెండు రూపాయల అంచు,
చెల్లని అర్ధరూపాయి నక్కి కూర్చునే మూల,
అన్నీ నా చూపుడువేలికి పేరుపేరునా తెలుసు.
పురసవాక్కం దగ్గర బండి కిటికీ అద్దం పగిలి
మోచేతికి బెత్తెడు కింద దిగింది.
ఎముక అతికింది. తోలు అతికింది.
నరం మాత్రం
పోట్లాడుకున్న మొగుడూపెళ్లాల్లా
చెరో దిక్కుకు తిరిగి పడుకుంది.

డాక్టరు తమిళ్‌చెల్వి టేపు పెట్టి కొలిచింది,
జాకెట్టు కుట్టేదానిలా.
"వేలి కొసదాకా మూడువందల పది మిల్లీమీటర్లు.
నరం రోజుకొకటి నడుస్తుంది, నడిస్తే."
ఆ చివరి మాట అరవంలో ఇంకా చిన్నగా వినిపించింది.
నాకు నవ్వొచ్చింది.
ఆడి నెల తగ్గింపు అమ్మకాలప్పుడు
పురసవాక్కంలో నా బండీ అంతే నడిచేది.

తుంటి ఎముకలోంచి తీశారు, చిక్కటి నెత్తురు లాంటిది.
అందులో ఇంకా ఏమీ కాని కణాలుంటాయట.
ఎముక కావచ్చు, కొవ్వు కావచ్చు,
పడిపోయిన నరం పక్కన కూర్చుని
"లే నాయనా" అనే మనిషీ కావచ్చు.
నలభైయేడేళ్ల ఒంట్లో
ఇంకా ఏ పనికీ కుదరని కుర్రాళ్లా!
మా తమ్ముడు గోవర్ధనం గుర్తొచ్చాడు.
వాణ్ణి ఇన్నాళ్లు తిట్టినందుకు కొంచెం సిగ్గేసింది.

మూడు వారాలు పెంచారు, పక్క భవనం నాలుగో అంతస్తులో.
కింద టీ తాగుతూ పైకి చూసేవాణ్ణి.
ఎవరో అమ్మాయి రోజు మార్చి రోజు
గులాబిరంగు నీళ్లు పారబోసి, కొత్తవి పోసి,
ఒంటివేడి తగ్గకుండా చూసి
మావాళ్లకు తిండి పెడుతోంది.
ఆదివారం కూడా వస్తుందా అని వాచ్‌మన్ని అడిగితే
"అవి ఆకలికి సెలవు పెడతాయా సారూ" అన్నాడు.
ఆమె పేరు నాకు తెలియదు.
నా పేరు ఆమెకూ తెలియదు.
మూతమీద అంకె, టిక్కెట్టు నంబరులా.

సంతకానికి ముందే చెప్పారు, దాచలేదు:
సగం మందికి కణాలు, సగం మందికి ఉప్పునీళ్లు.
ఎవరికేదో రెండేళ్లదాకా వాళ్లకూ తెలియదు.
ఎడమచేత్తో పెట్టాను.
అది నా సంతకంలా లేదు.

కాబట్టి ఆ కుర్రాళ్లు
నా మోచేతిలో పనికి కుదిరి ఉండాలి.
లేదా ఆ నాలుగో అంతస్తులోనే
పొగలు కక్కే చలిడబ్బాలో గడ్డకట్టి
ఇంకా పిలుపు కోసం చూస్తూ ఉండాలి.

నూటడెబ్బైమూడో రోజు.
డిపోలో ఇప్పుడు నాది కుర్చీ పని.
ఎడమచేత్తో స్టాంపు కొడుతున్నాను.
కుడిచెయ్యి బల్లమీద ఉంది,
ఎవరో బండిలో మరిచిపోయిన గొడుగులా.
అరచేతిలో, బొటనవేలి మొదట్లో
చీమ.
చూశాను. చీమ లేదు.

డాక్టరు తన వేలితో తట్టుకుంటూ వచ్చి
సరిగ్గా అక్కడే ఆగింది.
జువ్వుమంది.
"ఇది కణాలా, ఉప్పునీళ్లా,
లేక నా నరానికే బుద్ధొచ్చిందా?"
"నన్నడక్కండి," అంది, పెన్నుకు మూత పెడుతూ.
నవ్విందో లేదో, మాస్కు.

ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక
టీకొట్టు దగ్గర ఆ కిటికీ వైపు ఒకసారి,
రోడ్డవతల సముద్రం ఉండే దిక్కుకు ఒకసారి పెట్టాను.
అదీ ఉప్పునీళ్లే కదా.

రాత్రి కోమలం కళ్లు మూసుకోమంది.
"ఏది?"
"తెలియదే. కానీ చల్లగా ఉంది."
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
కళ్లు తెరవొద్దంది.
ఇంకొకటి పెట్టింది.