ఇరవై మైక్రోగ్రాములు

చెన్నై నుంచి రావాల్సిన పెట్టె
గరుడసేవ జనంలో ఇరుక్కొని
రేణిగుంట రోడ్డు మీద నాలుగ్గంటలు ఎండింది.
థర్మాకోల్ మూత తీసేసరికి డ్రై ఐస్ లేదు.
చలి మాత్రం కొంచెం మిగిలుంది,
ఎవరో ఇప్పుడే లేచిపోయిన కుర్చీలో వెచ్చదనంలా.

చిటికెనవేలి గోరంత బుడ్డి.
కుప్పన్న వెలుతురుకు ఎత్తిపట్టి చూసినాడు.
"ఖాళీ బుడ్డి పంపినారు మేడమ్.
నలభైఒక్క వేలకి!"

ఖాళీ కాదు కుప్పన్నా.
అడుగున, కంటికి ఆననంత పల్చగా
ఇరవై మైక్రోగ్రాముల పొడి ఉంది.
ఎలుక కిడ్నీలో
కణాన్ని కణం పట్టుకునే చెయ్యి అది.

"ఎలకను కోసినారా?"

లేదు. దాని దగ్గర రాత ఒక్కటే అప్పు తెచ్చుకున్నారు.
మనిషి కిడ్నీ కణాలకిచ్చి
గాజుగిన్నెల్లో చదివించినారు.
అర్థం తెలీకుండానే అవి అప్పజెప్పినాయి,
బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు.
నికెల్‌కి చిక్కేటట్టు
చివర్న ఆరు హిస్టిడిన్ల తోక తగిలించి
బయటికి లాగినారు.
ఎలుక లేని ఎలుకతోక.

కుప్పన్న నవ్వినాడు.
అతని ఎడమచేతిలో ఫిస్టులా
ఎప్పుడూ సన్నగా గుయ్‌మంటా ఉంటుంది.
చెవి ఆనిస్తే తుమ్మెద మాదిరి వినపడుతుందని
వాళ్ళ చిన్నది చెప్పిందంట.

మంగళవారం, శుక్రవారం అతను రాడు.
రక్తాన్ని మిషనుకప్పజెప్పి, తిరిగి తీసుకొని,
మర్నాడొచ్చి గాజుసామాను కడుగుతాడు.
అతను కడిగిన బీకరులో
నీళ్ళు చుక్కలు కట్టవు, జారిపోతాయి.
తను తాగే నీళ్ళు మాత్రం
రోజుకు మూడు గ్లాసులు, కొలిచి.

ప్లేటులో తొంభయ్యారు గుంటలకూ
ఆ ప్రొటీన్ పూత పూసినాను.
కణాల్ని వదిలి, గంట ఆగి, కడిగినాను.
అన్నీ కొట్టుకుపోయినాయి.
రెండోసారీ అంతే.
మైక్రోస్కోపులో వట్టి వెలుతురు.
ఫెలోషిప్ రాక ఐదు నెలలు.
బుడ్డిలో మిగిలింది నాలుగు మైక్రోగ్రాములు.

తప్పు సీసా మీదే ఉంది, నా చేతిరాతతో:
కాల్షియం లేని ఉప్పునీళ్ళు.
కాల్షియం తగలకపోతే ఆ చెయ్యి నిలబడదు,
తడిసిన కాగితంలా వాలిపోతుంది.
మొదటి సంవత్సరం పిల్లకు కూడా తెలుసు.
బల్ల మీద తల పెట్టుకున్నాను.

"కాల్షియం అంటే సున్నమే గదా మేడమ్?
సున్నం లేకుండా ఆకు యాడ పండుతుంది?
నాకూ అన్నంతో సున్నం మాత్రే ఇచ్చినారు.
ఎంత నమిలినా నోరు పండదు, అదొకటే తేడా."

మూడోసారి కొలిచి కలిపినాను.
కడిగినాను.
కొన్ని పోయినాయి.
కొన్ని ఉన్నాయి,
బస్సులో సీటు దొరికినోళ్ళ మాదిరి
అంచులు చాపుకొని, పక్కదానికి ఆనుకొని.

కుప్పన్నను పిలిచినాను.
ఒక కన్ను మూసి చానాసేపు చూసినాడు.
"పట్టుకున్నాయి."
తల ఎత్తకుండానే, నేను భయపడతా ఉన్న మాట అడిగినాడు:
"ఇది మాబోటోళ్ళ దాకా ఎప్పటికొస్తుంది?"

బుడ్డి మీద ఎర్రక్షరాల్లో ఉంది,
పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.
చదివి వినిపించాలా?
అతనికి చదువొచ్చు.
వెలుతురుకు ఎత్తిపట్టిన రోజే చదివే ఉంటాడు.

అప్పుడే కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేదాకా
మైనస్ ఎనభై ఫ్రీజరు తలుపు
ఇద్దరం అరచేతులతో అదిమి నిలబడినాం.
నిజానికి అవసరం లేదు.
దాని రబ్బరు గట్టిదే.
చీకట్లో అతని చేతిలో తుమ్మెద వినపడతా ఉంది.
"రేపు శుక్రవారం," అన్నాడు,
"బీకర్లు నానబెట్టి పోతా."