లేబుళ్ళు లేని రికార్డులు

హుద్‌హుద్ వచ్చిన రోజు
జ్ఞానాపురంలో ఎర్నెస్టు మాస్టారి రేకుల కప్పు లేచిపోయింది.
ఇరవైమూడు రికార్డులు బతికాయి.
వాటి మీద పేర్లే కొట్టుకుపోయాయి.

ఎవరు ఊదారో, ఏ ఊళ్ళోనో, ఏ సంవత్సరమో
ఇప్పుడు ఏ రికార్డూ చెప్పదు.
ఆయనే కొత్త పేర్లు పెట్టుకున్నాడు, అట్టల మీద సుద్దముక్కతో:
ఆవలింత. తడిసిన బీడీ. రెండో సంబంధం.
ఒకదానికి మాత్రం ఉత్తి గీత.

నేను కంచరపాలెం పెళ్ళిబ్యాండులో క్లారినెట్టు.
ఆదివారం మధ్యాహ్నాలు వెళ్ళేవాణ్ణి,
చేతికి పులుసు వాసన పోకముందే.
వినేవాణ్ణి. వినడమంటే
పల్లవి కోసం కాపలా కాయడం.
"మొదట్లో వొచ్చిన పాట ఏటైపోనాది మాస్టారూ?"
"ఇంటికి తాళం ఏసి బజారుకెళ్ళింది.
తాళంచెవి డ్రమ్ములోడి దగ్గరుంది. కూకో."

కూచున్నాను, ఎనిమిది నెలలు,
మోకాలి మీద ఒకటి, మూడు కొట్టుకుంటూ.
ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు.
"రెండు మీద. నాలుగు మీద.
ఒకటి అందరికీ తెలుసు, దాన్ని కొట్టక్కర్లేదు."

బేస్ అనేది ఒకటుందని నాకు తెలీదు.
ఓ రోజు నా అరచెయ్యి స్పీకరు పెట్టె చెక్కకి ఆనించాడు.
లోపల ఎవరో పెద్దమనిషి
తొందర లేకుండా మెట్లు దిగుతున్నాడు,
దిగుతూనే ఉన్నాడు,
పైన ట్రంపెట్ ఎంత గొడవ చేసినా
తలెత్తి చూడకుండా.
ఆ రోజు నించీ
పోర్టుకెళ్ళే ఇనపరాయి గూడ్సు వంతెన కింద పోతుంటే
పైన సైకిలు ఆపి నిలబడిపోయేవాణ్ణి.
వెనకాల ఆటోవాళ్ళు తిట్టేవాళ్ళు.

మాఘమాసం. అల్లిపురంలో ఊరేగింపు.
జనరేటరు చచ్చింది.
లైట్లు మోసే ఆడవాళ్ళు చీకటిని మోస్తూ నిలబడ్డారు.
కీబోర్డు లేదు, పాడేవాడికి మైకు లేదు.
అందరికీ తెలిసిన సినిమా పాట, వెయ్యిసార్లు ఊదింది,
రెండో చరణం దగ్గర
అరక్షణం ఆలస్యంగా బయల్దేరాను.
కావాలని కాదు. తర్వాత కావాలనే.
ఆ సందులోంచి దూరితే
పాటకి వెనకవైపు కూడా ఉందని తెలిసింది:
పెరడు, బట్టల తీగ, ఎవరిదో బావి.
ఎంతసేపో తెలీదు.
పెళ్ళికూతురి మేనమామ భుజం మీద చరిచి
"ఏట్రా ఆ ఏడుపు, సరిగ్గా ఊదు" అన్నదాకా.
జనరేటరు వచ్చింది. నేనూ వచ్చేశాను.
కూలిలో రెండొందలు కోసేశారు.

ఆదివారం మాస్టారికి చెప్పాను, గొప్పగానే.
ఆయన సూది ఎత్తి పక్కన పెట్టాడు.
"గవర్రాజు ఏం చేసినాడు?"
గవర్రాజు మా సైడ్ డ్రమ్ము.
"ఎప్పుడు?"
"నువ్వు పెరట్లో తిరుగుతున్నప్పుడు."

నాకు తెలీదు.
నేను వినలేదు.

పై వారం గవర్రాజుని సైకిలు వెనక ఎక్కించుకున్నాను.
కొబ్బరితోట మలుపులో అడిగాను. నవ్వాడు.
"పడిపోతావేటోనని
కింద చేతులెట్టుకునున్నాన్రా."

మాస్టారు ఉత్తి గీత రికార్డు పెట్టాడు.
గవర్రాజు ట్రంపెట్‌ని అసలు పట్టించుకోలేదు.
గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.
రెండు మీద, నాలుగు మీద
వేలు ఒకటి కదులుతోంది, ఎవరూ చెప్పకుండానే.
తుఫాను గీసిన గాటు దగ్గర సూది ఎగిరింది.
వాడి వేలు గాల్లోనే ఉండి,
అది దిగాక దిగింది.