పదిహేడో ముక్క

ఉమ్ అల్ కువైన్ జెట్టీ కింద
నైలాన్ తాళ్లకు వేలాడుతుంటాయి
నలభై రెండు ఫైబర్ ముక్కలు, అరచేతంత.
నెలకోసారి తాడు లాగుతాను.
నాచు గీకి, అంటుకున్న గుల్లలు ఊడదీసి,
మెత్తటి గుడ్డతో అద్ది
గాజు తలుపుల త్రాసులో పడుకోబెట్టి అడుగుతాను:
ఏం నాయనా, ఈ నెల ఎంత సముద్రం తాగావు?

అంకె నాలుగో దశాంశం దగ్గర తడబడి
నిలుస్తుంది.
అందాకా ఊపిరి పీల్చను.
ఆ త్రాసు ఊపిరిని కూడా తూచేస్తుంది.

మా పడవలు తుఫానుకు విరగవు.
జెల్‌కోటు చర్మం కింద
నీళ్లు చప్పుడు చెయ్యకుండా నడుస్తాయి,
గాజుపోగు చెయ్యీ రెసిన్ చెయ్యీ కలిసిన చోట కూర్చుని
ఒక్కో వేలూ విప్పుతాయి.
ఏడెనిమిదేళ్లకు అడుగున పొక్కులు.
మేకుతో గుచ్చితే చిమ్ముతుంది
వెనిగర్ కంపు కొట్టే నీరు.
దానికి ఆస్మాసిస్ అని పేరు.
పోలయ్య మటుకు
'పడవకి అమ్మవారు పోసింది' అంటాడు.

హనాన్ మేడమ్‌ది అలెగ్జాండ్రియా.
పోగులకు కొత్త పూత తెప్పించింది,
ఇటు గాజునీ అటు రెసిన్‌నీ పట్టి ఉంచే పూత.
ఆవిడ దాన్ని కప్లింగ్ ఏజెంట్ అంటుంది,
నాకు పెళ్లిళ్ల పేరయ్య అని వినపడుతుంది.
కొత్త పడవ ఇరవై ఏళ్లు నిలుస్తుందా అని కంపెనీ అడిగింది.
ఇరవై ఏళ్లు కూర్చునే ఓపిక ఎవరికుంది?
ఇంకో నలభై రెండింటిని
అరవై డిగ్రీల ఉప్పునీళ్లలో పెట్టి
కాలాన్నే ఉడకేస్తోంది ఆవిడ.

జెట్టీ కింద అన్నీ కుదురుగానే తాగాయి.
పదిహేడు ఒక్కటీ తాగుబోతు.
ఐదో నెలకు దాని గీత నిట్టనిలువుగా లేచింది.
'రెసిన్ మంచిది కాదేమో' అని ఫైల్లో రాశారు,
డ్రమ్ములు వెనక్కి పంపే మాట కూడా వచ్చింది.

నాకు తెలుసు పదిహేడు.
జూలై. షెడ్డు రేకుల కింద ఫ్యాను ఆగిపోయింది.
బకెట్లో రెసిన్ గడువుకు ముందే
గడ్డకట్టి పొగలు కక్కుతోంటే
రోలరు నాలుగుసార్లు తోయాల్సిన చోట
రెండుసార్లు తోశాను.
గాజుచాప కింద గాలిబుడగలు
చేపగుడ్లలా మిగిలిపోయాయి.
చూశాను. చూసే వదిలేశాను.

మూడు రోజులు నోట్లో నానబెట్టుకుని
నాలుగో రోజు చెప్పాను.
హనాన్ మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
'రెసిన్' కొట్టేసి 'చెయ్యి' అని రాసింది.
ముక్కని పారేస్తుందనుకున్నాను.
'ఉండనీ. ప్రతి పడవలోనూ
ఎక్కడో ఒక జూలై మధ్యాహ్నం ఉంటుంది.
దానికెంత ఆయుష్షో కూడా తెలియాలి' అంది.

భావనపాడులో మా చిన్నాన్న
వేట నుంచి రాగానే తెప్ప కట్లు విప్పేసేవాడు.
దుంగలు వేటికవి ఇసకలో ఎండేవి.
తాగిన నీళ్లు కక్కి
మర్నాటికి మళ్లీ తేలిక.
తెప్పకి రోజూ సెలవుండేది.
ఆ సంగతి నా వచ్చీరాని అరబీలో చెప్పాను.
ఆవిడ పెన్ను ఆపింది.

పదిహేడుని ఓవెన్లో పెట్టాం.
రోజూ తూచాను. తగ్గుతూ తగ్గుతూ
తొమ్మిదో రోజు కదలని అంకె దగ్గర ఆగింది.
మొట్టమొదటి బరువు పక్కన పెట్టి చూశాను.
ఇరవై ఒక్క మిల్లీగ్రాములు తక్కువ.

నీళ్లు లోపలికొచ్చి
ఊరికే కూర్చోలేదన్నమాట.
వస్తూ పోతూ
ముక్కలోంచి కొంత వెంట తీసుకుపోయాయి.

'తేడా' గడిలో అంకె రాశాను,
ముందు మైనస్ గీత మర్చిపోకుండా.
సాయంత్రం జెట్టీ మీద మోకాళ్లేసి
పదిహేడుని మళ్లీ దించుతుంటే
కింద అదే ఆకుపచ్చ నీరు,
నిండుగా, ఏమీ తీసుకోనట్టు.

పక్క షెడ్డులో పోలయ్య
రోలరు తోస్తున్న చప్పుడు.
లెక్కపెట్టాను.
నాలుగు.